ఎనిమిది గంటల రోజు

మా ఝపటాపూర్ వీధిలో ఉండే సునీతకు ఈ మధ్యే ప్రైమరీ బడిలో ఉద్యోగం వచ్చింది. చేరిన మొదటి వారమే మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"అమ్మా, మీరు ఇన్నేళ్ళు లెక్కలే సెప్పినారు గదా. కూడికలు, తీసివేతలు ఎలాగో లాగించేస్తాను. ఈ భిన్నాలే భయం. పిల్లలు ఎక్కడ తప్పిపోతారో ముందే సెప్పేయండి" అంది.

నోటితో చెబితే నేను పక్కదారులు పడతాను. అందుకే రాస్తున్నాను. సునీత లాంటివాళ్ళు ఇంకెవరైనా చదువుకున్నా మంచిదే.

ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్‌లో ఉన్న ఒక తెలుగు బడిలో నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాకు తెలిసిన ఉద్యోగం అదొక్కటే. వదిలేటప్పుడు నేను బాధపడి ఉంటానని అందరూ అనుకున్నారు. నిజానికి తేలికపడ్డాను. ఇక నా మాట వల్ల ఏ పిల్లా తనకు తెలివి లేదని అనుకోదు. ఈ ఉద్యోగంలో అసలు భయం అదే. జీతం, ఇన్‌స్పెక్షన్, ట్రైనింగులు అన్నీ దాని తరవాతే.

హెడ్మాస్టరు పాఠం

మా హెడ్మాస్టరు నరసింగరావు గారికి నిర్వచనాలంటే ప్రాణం. రోజూ ఉదయం ఐదో తరగతిని నిలబెట్టి చెప్పించేవారు. గీతకు పైనున్న అంకె లవం, కిందున్నది హారం. లవం హారం కంటే చిన్నదైతే క్రమభిన్నం. హారానికి సమానమైనా, దానికంటే పెద్దదైనా అపక్రమభిన్నం. పూర్ణాంకం పక్కన క్రమభిన్నం ఉంటే మిశ్రమభిన్నం. హారాలు ఒకటే అయితే సజాతి భిన్నాలు, వేరైతే విజాతి.

పిల్లలు దీన్ని పాటలా లాగేవాళ్ళు. గేటు దగ్గర కూరగాయల బండి పెట్టుకునే బెంగాలీ దాదాకు కూడా అది నోటికి వచ్చేసింది. నేను వంకాయలు బేరమాడితే, "దీదీ, లవొం కొంచెం పెంచో, హారొం నేను తగ్గిస్తా" అనేవాడు. లవం పెంచి హారం తగ్గిస్తే ధర రెండు వైపులా పెరుగుతుందని అతనికి చెప్పలేదు. బహుశా తెలిసే అనేవాడు.

నరసింగరావు గారంటే నాకు చాలాకాలం గిట్టలేదు. నిర్వచనం వస్తే లెక్క వచ్చినట్టేనని ఆయన అనుకునేవారు. పిల్లలు తడుముకోకుండా నిర్వచనం చెప్పి, ఆ వెంటనే బోర్డు మీది భిన్నం ఏ రకమో చెప్పలేక నిలబడిపోయేవాళ్ళు. అయితే ఇప్పుడు ఆలోచిస్తే, పేర్లు అక్కర్లేదు, అర్థమైతే చాలు అనే టీచర్లు కూడా పిల్లలకు మేలు చేయరు. పేరు రాని పిల్ల, తనకు అర్థమైనది ఇంకొకరికి చెప్పలేదు. ఆయన పేర్లు నేర్పారు. వాటి కింద ఉండాల్సిన వస్తువు నేను వెతుక్కోవలసి వచ్చింది.

అట్టుతో వచ్చే చిక్కు

భిన్నాలు మొదలుపెట్టేటప్పుడు అందరం తినే వస్తువే తెస్తాం. మా బడిలో అట్టు. ఒక అట్టును నాలుగు సమాన భాగాలు చేసి, మూడు చూపించి, "నాలుగింట మూడు" అంటాం. పిల్లలకు బాగా ఎక్కుతుంది. పాఠం అయ్యాక తినేస్తారు కూడా. క్రమభిన్నాల వరకూ అట్టుకు మించినది లేదు.

చిక్కు ఆ తరవాత వస్తుంది. బోర్డు మీద 5/4 రాస్తాం. పైన ఐదు, కింద నాలుగు. చాలామంది పిల్లలు ఏమీ అడగరు. పైన పెద్దది, కాబట్టి అపక్రమం అని రాసుకుని ముందుకు పోతారు. వాళ్ళకు అర్థమైందని మనం అనుకుంటాం.

ఒక ఏడు హైమ అనే పిల్ల అడిగింది.

"నాలుగు ముక్కల అట్టులోంచి ఐదు ముక్కలు ఎలా తీస్తారు టీచర్?"

"ఇంకో అట్టు తెచ్చుకుంటాం. దాన్నీ నాలుగు చేసి, అందులోంచి ఒకటి తీసుకుంటాం."

హైమ ముక్కలు లెక్కపెట్టింది. "అప్పుడు మొత్తం ఎనిమిది ముక్కలయినాయి గదా. ఎనిమిదిలో ఐదు తీసినారు. అది ఎనిమిదింట ఐదు. నాలుగింట ఐదు ఎలగవుతాది?"

క్లాసంతా నావైపు చూసింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "దీనికి అట్టు పెట్టకండి టీచర్, తినకుండా లెక్కెడతాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక అట్టును మొత్తం అనుకోవాలి, రెండు అట్లను కాదు అని చెప్పాను. ఎందుకు అనుకోవాలంది. అనుకోవాలంతే అన్నాను.

సునీతా, ఇలా అడిగే పిల్లను ఎప్పుడూ మొద్దు అనకు. ఆ క్లాసులో నా పాఠం చివరిదాకా విన్నది అదొక్కతే.

ఆ తరవాత హైమ ప్రతి పరీక్షలోనూ, లవం పెద్దదైన భిన్నం కనిపిస్తే దాని పక్కన "ఇలాంటిది ఉండదు" అని రాసి వదిలేసేది. మార్కులు పోయేవి. తనకేమీ పట్టేది కాదు. లేని దానికి పేరెందుకని దాని వాదన.

పలాస

మా బడి ఐదో తరగతితో ఆఖరు. తెలుగులో చదివే పిల్లలు ఏటికేడాది తగ్గుతున్నారు. ఆరో తరగతికి దగ్గర్లో ఉన్నది ఇంగ్లీషు మీడియం బడి ఒక్కటే. వాళ్ళు లెక్కల్లో చిన్న పరీక్ష పెట్టి చేర్చుకుంటారు. భిన్నాలు తప్పకుండా అడుగుతారు.

హైమ తండ్రి సింహాచలం రైల్వే వర్క్‌షాపులో పని చేసేవాడు. ఒక సాయంత్రం బడి వదిలాక పెళ్ళాన్నీ పిల్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"టీచరమ్మా, దాపరికం లేకుండా సెప్పండి. ఇది ఆ పరీచ్చ పాసవుతాదా?"

"ఇంకా టైముంది సింహాచలం" అన్నాను.

"టైము సంగతి కాదమ్మా. పాసవ్వకపోతే పలాస పంపించేస్తాను. మా అప్ప ఉంది. అక్కడ తెలుగులోనే సదువుకుంటాది. నేను సిన్నప్పుడు తెలుగు బడి నుంచి హిందీ బడికి ఎల్లి, ఏటీ తెలక, ఎనకబెంచీలో కూకుని కూకుని మానేసినాను. నా పిల్లకి ఆ గతి పట్టకూడదు."

అతను చెడ్డవాడు కాదు. తనకు జరిగింది పిల్లకు జరగకూడదని అతని భయం. అందుకే వాదించడం కష్టమైంది.

పార్వతి, అతని భార్య, అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "మా ఆడబడుచు మంచిదే అమ్మా. కడుపునిండా పెడతాది. కానీ నాకు ఇదొక్కత్తే. దీన్ని పంపేసి నేను ఇంట్లో ఏటి సెయ్యాల?" అంది. గొంతు పెంచలేదు. మొగుడి వైపు చూడలేదు.

"నేనెల్లను" అంది హైమ.

"నువ్వు నోరుముయ్యే. ఉండదు, ఉండదు అని పరీచ్చంతా రాసొచ్చి, ఇప్పుడు ఎల్లనంట!" అన్నాడు సింహాచలం.

వాళ్ళు వెళ్ళాక కాసేపు ఖాళీ క్లాసులో కూర్చున్నాను. ఒక పిల్ల తల్లి దగ్గర ఉండడమా, వేరే ఊరు పోవడమా అన్నది నాలుగింట ఐదు మీద ఆధారపడి ఉంది. ఈ ఉద్యోగంలో ఇలాంటివి వస్తాయి. ముందుగా ఎవరూ చెప్పరు.

రోజుకెన్ని గంటలు

దారి దొరికింది నా తెలివి వల్ల కాదు. పిల్లలందరూ కలిసి చేసిన ఒక తప్పు వల్ల.

పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది. రోజులో నాలుగో వంతు ఎన్ని గంటలు? రోజును ఒక పట్టీలా గీసి, గంటల గళ్ళుగా విడగొట్టి, రంగు వేసి చూపమన్నాను. నోట్సులు దిద్దుతుంటే, క్లాసులో సగం మంది ఎనిమిది గళ్ళే గీశారు. రెండు గళ్ళకు రంగు వేసి, రెండు గంటలు అని రాశారు. హైమదీ అంతే.

నరసింగరావు గారు చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఐదో తరగతికి వచ్చారు. రోజుకి ఎన్ని గంటలో తెలీదు!"

హైమను పిలిచాను. "రోజుకి ఎన్ని గంటలే?"

"ఎనిమిది."

"మరి రాత్రి?"

"రాత్రి రోజు కాదు టీచర్. రాత్రి నాన్న ఇంటికాడుంటాడు."

ఆ జవాబు విన్నాక నేను దిద్దడం ఆపేశాను. అది మా ఇంట్లో మాట. మా ఆయన కూడా వర్క్‌షాపు మనిషే, ఫిట్టరు. మా ఇళ్ళలో రోజంటే సైరను నుంచి సైరను దాకా. ఆయన నాలుగు గంటలు పని చేసి వస్తే "అర రోజు" అనేవారు. పని ఎక్కువై రెండు గంటలు అదనంగా ఆగితే "ఈవేళ రోజు మీద పావు" అంటూ చెప్పులు విప్పేవారు. ఆ మాట విని కాఫీ కలిపేదాన్ని. మరునాడు బడికి పోయి, అట్టు కోసేదాన్ని. ఈ రెండింటినీ నేనెప్పుడూ కలిపి చూడలేదు.

అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలే అయింది. చివరి రోజుల్లో చాలా బాధపడ్డారు. పోయినప్పుడు ఏడ్చాను. ఇక ఆయనకు నొప్పి లేదన్న ఊరట కూడా కలిగింది. ఈ రెండో సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, వినేవాళ్ళు తప్పుగా అనుకుంటారని. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మరునాడు హైమను బోర్డు దగ్గరికి పిలిచి, ఎనిమిది గళ్ళ పట్టీ గీయించాను.

"ఇది నాన్న రోజు. పావు రోజు ఎంత?"

"రొండు గంటలు."

"నాన్న రోజు మీద పావు చేసి వస్తే, మొత్తం ఎన్ని పావులు చేసినట్టు?"

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఐదు."

"ఐదు పావులు. అంటే ఎన్ని గంటలు?"

"పది."

"పట్టీలో ఎనిమిదే ఉన్నాయి కదా. పది ఎక్కడ పెడతావ్?"

హైమ పట్టీ పక్కన ఇంకో రెండు గళ్ళు గీసింది.

"మరి ఇప్పుడు నాన్న రోజు పది గంటలయిందా? లేకపోతే రెండు రోజులు కలిపి పదహారా?" అని అడిగాను. అట్టు దగ్గర హైమ పడిపోయిన చోటు ఇదే.

"కాదు టీచర్" అంది విసుగ్గా, నాకే తెలియనట్టు. "రోజు ఎనిమిదే. ఎన్ని గంటలు సేసినా రోజు ఎనిమిదే. ఇయి పైన సేసినాడు."

నేను సుద్దముక్క చేతికిచ్చాను. 5/4 అని రాసింది. ఆ తరవాత నేను చెప్పకుండానే కింద 1 1/4 రాసింది.

"రొండూ ఒకటే. ఇది పావులు లెక్కెట్టినట్టు. ఇది నాన్న రోజు మీద పావు సేసినాడని మా అమ్మ సెప్పినట్టు."

అపక్రమభిన్నం, మిశ్రమభిన్నం అంటే ఇంతకంటే బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ వారంలోనే మిగతావీ కుదిరాయి. ఒక గంట అంటే ఎనిమిదింట ఒకటి. మూడు గంటలు, ఐదు గంటలు రెండూ ఎనిమిదో వంతులే కాబట్టి సజాతి. పావు రోజునూ ఒక గంటనూ పక్కపక్కన పెడితే విజాతి. పావును రెండు గంటలుగా మార్చుకుంటే మళ్ళీ సజాతి.

నరసింగరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. "రోజంటే ఎనిమిది గంటలని నేర్పుతున్నారట!"

"నేర్పడం లేదండీ. వాళ్ళకు తెలిసినదే వాడుకుంటున్నాను."

"ఆ బడిలో పేపరు దిద్దేవాళ్ళకు మన సైరనుతో పనిలేదు. ఇరవై నాలుగు అని రాయకపోతే సున్నా వేస్తారు. ఆ పిల్లని పలాస బండి ఎక్కించేది మీ పాఠమే అవుతుంది."

కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పింది నిజం. అందుకే తరవాతి వారమంతా ఒకటే పని పెట్టుకున్నాం. ఏ భిన్నం కనిపించినా, పేరు చెప్పే ముందు "దేంట్లో?" అని అడగాలి. అట్టులోనా, డ్యూటీలోనా, ఇరవై నాలుగు గంటల రోజులోనా? మొత్తం ఏదో తేల్చుకున్నాకే మిగతాది. సునీతా, నీకు ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. పిల్లలు భిన్నాల్లో తప్పిపోయేది అంకెల దగ్గర కాదు, మొత్తం దగ్గర.

నరసింగరావు గారు కూడా ఊరికే ఉండలేదు. సాయంత్రాలు హైమను కూర్చోబెట్టి ఇంగ్లీషు పేర్లు చెప్పించారు. ప్రాపర్, ఇంప్రాపర్, మిక్స్‌డ్, లైక్, అన్‌లైక్. ఒకరోజు 4/4 రాసి ఏ రకమని అడిగారు.

"అది ఒకటి మాస్టారూ. భిన్నం కాదు."

"పాఠంలో ఏముంది?"

"సమానమైనా అపక్రమమే అనుంది. పాఠంలో ఉంది గానీ నాకు నమ్మకం లేదు."

ఆయన నవ్వారు. నేను ఆయన నవ్వడం చూసింది అరుదు. "నమ్మకం కలిగేదాకా పాఠాన్ని నమ్ము తల్లీ" అన్నారు. మంచి సలహానే.

దిదిమణి గది

పరీక్ష రోజు సింహాచలానికి డ్యూటీ. పార్వతి ఒక్కతే వెళ్ళడానికి భయపడింది. నేను తోడు వెళ్ళాను. రాత పరీక్ష అయ్యాక ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. కిటికీ తెరిచే ఉంది.

లోపల ఉన్నావిడ బెంగాలీ. పిల్లలు దిదిమణి అంటున్నారు, వాళ్ళు టీచరును అలాగే పిలుస్తారు. బోర్డు మీద 3/4, 7/4, 1 3/4 రాసి పేర్లు చెప్పమంది. హైమ మూడూ చెప్పింది. పార్వతి నా చెయ్యి పట్టుకుంది.

తరవాత దిదిమణి 4/4 రాసింది.

హైమ పెదవులు కదిపి ఆ అంకెలు చదువుకుంది.

"బోలో. ప్రాపర్ యా ఇంప్రాపర్?" రెండిట్లో ఏదో చెప్పమంది.

"ఇంప్రాపర్, దీదీ."

"క్యోఁ? ఊపర్‌వాలా బడా తో నహీఁ హై." పైది పెద్దది కాదు కదా, మరెందుకు అంటోంది. రెండే జవాబులున్న ప్రశ్న, పిల్ల గాల్లో రాయి వేసిందనుకుని ఉంటుంది.

పార్వతి గుసగుసగా, "ఏటంటాంది అమ్మా? తప్పయిపోనాదా?" అంది. ఆగమని సైగ చేశాను. పాఠంలో అలా ఉంది అని హైమ చెబితే చాలని కోరుకున్నాను.

హైమ అలా చెప్పలేదు. తనకు వచ్చిన హిందీలో, తెలుగు కలిపి, మెల్లగా చెప్పింది. "డ్యూటీ పూరా హో గయా దీదీ. ప్రాపర్ మే థోడా బాకీ రహతా హై. మూడు పావులు సేస్తే ఇంకో పావు బాకీ. నాలుగు సేస్తే బాకీ ఏటీ లేదు. ఇంక అది ప్రాపర్ ఎలగవుతాది?"

దిదిమణికి తెలుగు ముక్కలు ఎంత అర్థమయ్యాయో తెలియదు. బోర్డు దగ్గరికి రమ్మని సుద్ద ఇచ్చింది. హైమ నాలుగు గళ్ళు గీసి, మూడింటికి రంగు వేసి, మిగిలిన గడి మీద వేలు పెట్టి చూపింది. తరవాత దానికీ రంగు వేసి, చేతులు దులుపుకుంది. దిదిమణి ఆ బొమ్మను చూస్తూ, "ఠీక్. బహుత్ ఠీక్" అంది.

సమానమైనది అపక్రమంలోకి ఎందుకు వస్తుందో నాకు ఎప్పుడూ సరిగా చెప్పడం రాలేదు. నిర్వచనం అంతే అనేదాన్ని. ఇంకా మిగిలి ఉన్నది క్రమం, మిగలనిది ఏదైనా అపక్రమం. పదేళ్ళ పిల్ల కిటికీ అవతల నుంచి చెబితే విన్నాను. ఆ మాట దానికి పాఠంలో దొరకలేదు. అక్కడ నిలబడి ఆలోచిస్తే దొరికింది.

కాసేపటికి పార్వతిని లోపలికి పిలిచారు. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి నాకు ఏమీ అర్థం కాలేదు. మెట్లు దిగి, రోడ్డు మీదికి వచ్చి, సంచీలోంచి ఫోను తీసింది.

"ఏమయ్యో, ఇనబడతాందా? సీటిచ్చేసినారు... సీటు! పిల్లకి!"

అవతల మిషన్ల చప్పుడు నాకూ వినబడుతోంది. సింహాచలం "ఏటి? ఏటీ?" అంటున్నాడు.

"పలాస లేదు! పలాస ఎల్లక్కర్లేదు! పిల్ల ఇక్కడే ఉంటాది!"

"ఏటి?"

"ఇక్కడే! నా కాడే! ఇక్కడే ఉంటాది!"

రిక్షా అతను బండి ఆపి చూశాడు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు తల తిప్పారు. గోడ దగ్గర గొంతు పెంచకుండా మాట్లాడిన మనిషి, రోడ్డు మధ్యలో నిలబడి అరుస్తోంది. హైమ సిగ్గుపడి తల్లి కొంగు లాగింది. "అమ్మా, నాన్న ఎప్పుడో ఇన్నాడు. ఇంక ఆపు. అందరూ సూస్తన్నారు" అంది.

నిజమే, అవతల సింహాచలం "సరేలేయే, సరేలే" అంటున్నాడు. పార్వతి ఆపలేదు. ఇంకోసారి, "ఇక్కడే ఉంటాది" అంది, ఈసారి మామూలు గొంతుతో.

వాళ్ళను న్యూ సెటిల్‌మెంట్ మలుపు దగ్గర వదిలి ఇంటికి వచ్చాను. తలుపు తీసి, దీపం వేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడుకుతుండగా గుర్తొచ్చింది, ఉదయం నుంచీ ఒక్కసారి కూడా మా ఆయన్ని తలుచుకోలేదని. ఆయన పోయాక అలాంటి రోజు అదే మొదటిది. తప్పు చేసినట్టు అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. అనిపించలేదు. కూర వేడి చేసుకుని, కడుపునిండా తిన్నాను.